అత్తమ్మతో గోదావరి దాటిన రోజు

నేను మళ్లీ పెళ్లి చేసుకోవాలనుకుంటున్నానని అత్తమ్మకు చెప్పి, నువ్వేమంటవని అడిగాక, ఆమె చాలా రోజులు ఆ మాట ఎత్తలేదు. పొద్దున్నే లేచి పాపకు జడ వేసేది. ఇద్దరికీ డబ్బాలు కట్టేది. నేను ఆఫీసుకు బయల్దేరుతుంటే నీళ్ల సీసా చేతికిచ్చేది. అన్నీ మామూలే. ఆమె చూపు మాత్రం నా ముఖం మీద నిలిచేది కాదు. కోపమో బాధో తెలియక, అడిగే ధైర్యం లేక, నేను కూడా మామూలుగానే తిరిగాను.

ఒక ఆదివారం మధ్యాహ్నం, కొత్తగూడలోని మా ఫ్లాటులో ఆరిన బట్టలు మడతపెడుతూ, తల ఎత్తకుండానే అంది.

"మా అన్నయ్యకి నేనే చెప్తానమ్మా. ఫోన్లో చెప్పే మాట కాదు. వెళ్లి చెప్పాలి. నువ్వూ రా. పాపనీ తీసుకెళ్దాం."

"ఆయన ఒప్పుకోకపోతే, అత్తమ్మా?"

"ఒప్పుకోమని అడగడానికి కాదు, చెప్పడానికి."

మడతపెట్టిన పాప గౌన్లను తీసుకుని లోపలికి వెళ్లిపోయింది. ఆమె సరేనందో లేదో నాకు అప్పటికీ తెలియలేదు.

మా ఆయన పోయి అప్పటికి నాలుగేళ్లు. కాలేయం జబ్బు. ఆయనది కోనసీమలో సముద్రానికి దగ్గరి ఊరు, నాది సంగారెడ్డి వైపు. హైటెక్ సిటీలో ఒకే ఆఫీసులో పనిచేస్తూ ఇష్టపడి పెళ్లి చేసుకున్నాం. పాప పుట్టినప్పుడు పురిటికి సాయంగా వచ్చిన అత్తమ్మ మాతోనే ఉండిపోయింది. ఆమె కూడా చిన్న వయసులోనే భర్తను పోగొట్టుకున్న మనిషి. మూడేళ్ల కొడుకును చంకనేసుకుని అన్నగారింటికి చేరింది. నా భర్తను చదివించింది, ఈత నేర్పింది, హైదరాబాదు రైలెక్కించింది అంతా ఆ మేనమామే.

మా ఆయన పోయాక అత్తమ్మ అన్నగారి దగ్గరికి వెళ్లిపోతుందని అందరూ అనుకున్నారు. లేదా నేనే లింగంపల్లిలో మా నాయిన దగ్గరికి వెళ్తానని అనుకున్నారు. రెండూ జరగలేదు. ఎవరమూ ఏమీ అనుకోకుండానే, ఆ ఇంట్లోనే ఉండిపోయాం. ఆమె వండేది, నేను సంపాదించేదాన్ని. ఏడుపు మాత్రం ఎవరిది వారిదే. ఆమె స్నానాల గదిలో నల్లా తిప్పుకుని ఏడ్చేది. నేను ఆఫీసు క్యాబులో, కిటికీ వైపు తిరిగి.

నన్ను పెళ్లి చేసుకుంటారా అని అడిగినాయన మా ఆఫీసులోనే వేరే అంతస్తులో పనిచేస్తాడు. ఆయనకూ ఒక పెళ్లి జరిగి విడిపోయింది. నెమ్మదైన మనిషి. క్యాంటీనులో ఏడాదిపాటు పాప చదువు గురించి, వానల గురించి, ట్రాఫిక్ గురించి మాట్లాడి, ఒక రోజు నేరుగా అడిగేశాడు. ఇంట్లో అడగాలన్నాను. "అడగండి. మీ అత్తగారు మనతోనే ఉంటారనే నేను అనుకుంటున్నాను," అన్నాడు. ఆ మాట వల్లే నాకు ఆలోచన మొదలైందని చెప్పాలి.

ముందు మా నాయినకు చెప్పాను. నాయిన ఈ ప్రాంతంలో గాజు మేడలు లేస్తున్న రోజుల్లో మేస్త్రీ పని చేశాడు. మోకాళ్లు అరిగిపోయాక అలాంటి ఒక మేడ గేటు దగ్గరే సెక్యూరిటీ గార్డుగా కుర్చీలో కూర్చున్నాడు. ఇప్పుడు లింగంపల్లిలో మా తమ్ముడి దగ్గర ఉంటాడు. నేను చెప్పింది విని మోకాళ్లు రుద్దుకుంటూ అన్నాడు.

"నీ బతుకు, బిడ్డా. నేనెందుకు వద్దంట? గని ఆమెకు నువ్వే చెప్పాలె. పక్కింటోల్ల నోట ఆమె వినద్దు."

అందుకే చెప్పాను. ఇప్పుడు అత్తమ్మ అన్నగారి ఊరికి ప్రయాణమంటోందని తెలిసి నాయిన తనూ వస్తానన్నాడు. మన దిక్కు నుంచి ఒక పెద్దమనిషి లేకుంటే బాగుండదన్నాడు. బస్సుదాకా నన్ను సాగనంపి, కొంచెం సిగ్గుపడుతూ, "సముద్రం గూడ సూడలే నేను," అన్నాడు.

*

లింగంపల్లిలో నరసాపురం రైలెక్కాం. నాయిన జొన్నరొట్టెలు, పచ్చిమిరప తొక్కు తెచ్చాడు. అత్తమ్మ పులిహోర చేసింది. రైలు కదిలీ కదలకముందే ఇద్దరూ పొట్లాలు విప్పి, ఒకరిది ఒకరికి పెట్టుకున్నారు. అత్తమ్మ రొట్టెను చిన్న ముక్కలు చేసుకుని నెమ్మదిగా నమిలింది. "బాగుందండి అన్నయ్యగారూ," అంది. నాయిన ఆమెను ఎప్పుడూ "చెల్లె" అనే పిలుస్తాడు. పెళ్లి విషయం ఇద్దరిలో ఎవరూ ఎత్తలేదు. పాప పై బెర్తు మీద కూర్చుని, పడవ ఎంత పెద్దగా ఉంటుంది, అందులో బస్సు పడుతుందా అని అడుగుతూ ఉండగానే నిద్రపోయింది.

తెల్లవారేసరికి కిటికీ బయట అంతా నీళ్లే. భీమవరం దాటాక రొయ్యల చెరువులు, వాటి గట్ల మీద వరసగా కొబ్బరి చెట్లు, చెరువుల్లో నీటిని చిలుకుతూ తిరుగుతున్న చక్రాలు. గాలి చెమ్మగా ఉంది. నాయిన ఇంకెవరూ లేవకముందే లేచి, తలకు తువ్వాలు చుట్టుకుని, కిటికీ ఊచలు పట్టుకుని చూస్తున్నాడు. ఒక్క గుట్ట కూడా లేదేందని అడిగాడు. మా వైపు ఎటు చూసినా రాళ్లే. ఇంత చదునైన నేలను ఆయన ఎప్పుడూ చూడలేదు.

నరసాపురంలో దిగి, ఇడ్లీలు తిని, ఆటోలో రేవుకు వెళ్లాం. అక్కడ వశిష్ఠ గోదావరి సముద్రంలో కలవబోయే ముందు బాగా వెడల్పయి, తొందరేమీ లేనట్టు పారుతుంది. అవతలి ఒడ్డు సఖినేటిపల్లి. దూరంగా ఆకుపచ్చని గీతలా కనిపిస్తోంది. మనుషుల్నీ, బళ్లనీ దాటించే వెడల్పాటి పడవను అక్కడ పంటు అంటారు. మేం వెళ్లేసరికి అది ఒడ్డుకు ఆనుకుని ఉంది. మోటారు సైకిళ్లు, రెండు ఆటోలు, గడ్డిమోపులు వేసుకున్న ఒక ట్రాలీ, బడికి వెళ్లే పిల్లలు, చేపల బుట్టల ఆడవాళ్లు అందరూ ఒక్కసారే ఎక్కుతున్నారు. బస్సు లేనందుకు పాప కాస్త చిన్నబుచ్చుకుంది.

అత్తమ్మ ఒడ్డునే ఆగిపోయింది. చెప్పులు విడిచి, వంగి, ఇన్ని నీళ్లు తీసుకుని తలమీద చల్లుకుంది. పాపకూ చల్లింది. నా వైపు తిరిగి ఒక్క క్షణం ఆగి, నాకూ చల్లింది. ఆ తడి చేతివేళ్లు నా నుదుటి మీద కాసేపు నిలిచాయి. చాలా రోజుల తర్వాత ఆమె నా కళ్లలోకి చూడడం అప్పుడే.

పంటు కదిలింది. ఇంజను చప్పుడుకు పాదాల కింద ఇనుప రేకు వణుకుతోంది. నాయిన పక్క కమ్మీని రెండు చేతులతో గట్టిగా పట్టుకున్నాడు. ఎన్నో అంతస్తుల పైన, సారువ కర్రల మీద నడిచిన మనిషి. ఆ రోజు మాత్రం నీళ్లకేసి చూడలేక ఆకాశంలోకి చూస్తున్నాడు. పాప ఆయన చొక్కా పట్టుకుంది. తాతను పడిపోకుండా తనే పట్టుకున్నానని తర్వాత చెప్పింది.

అత్తమ్మ నా పక్కన నిలబడి, నీళ్లలోకి చూస్తూ చెప్పింది. "నేను వాడిని ఎత్తుకుని దాటింది ఈ రేవే. అప్పుడు నావలు. అన్నయ్య ముందు నిలబడ్డాడు. నేను వెనక కూర్చున్నాను. అవతలికి చేరేదాకా అన్నయ్య ఒక్కసారి కూడా వెనక్కి తిరగలేదు. ఏడుస్తున్నాడేమో అనుకున్నాను."

ఆమె చేతిలోని సంచి అందుకున్నాను. ఆమె నా జవాబు కోసం చెప్పలేదు.

*

అవతల దిగాక అంతర్వేది వెళ్లే పల్లెవెలుగు బస్సు దొరికింది. అన్నగారి ఊరికి వేరే బస్సు, అది మధ్యాహ్నానికి గానీ లేదు. ఈలోపు సముద్రం చూసి వద్దామని అత్తమ్మే అంది.

కండక్టరు వచ్చాడు. ఆడవాళ్లకు బస్సులో టికెట్టు లేదు కదా అని అత్తమ్మ తన ఆధార్ కార్డు తీసి ఇచ్చింది. అతను అటూ ఇటూ తిప్పి చూశాడు.

"ఇది హైదరాబాదుదండి. ఇక్కడ చెల్లదండి."

"నేను ఇక్కడే పుట్టానండి. ఈ పక్క ఊరే మాది."

"ఆయ్, పుట్టింది చూడమండి. అడ్రసు చూస్తామండి," అన్నాడు మర్యాదగానే.

డబ్బులిచ్చి టికెట్లు తీసుకున్నాను. అది పెద్ద విషయమేమీ కాదు. కానీ అత్తమ్మ కార్డును చాలాసేపు చేతిలోనే పట్టుకుని కూర్చుంది. ఆ అడ్రసు మా ఫ్లాటుది. కొడుకు బతికుండగా, దవాఖానలో పని పడుతుందని తనే వెళ్లి మార్పించాడు.

బస్సు సన్నటి రోడ్డు మీద కొబ్బరి తోటల మధ్య నుంచి వెళ్లింది. రోడ్డుకు ఒక పక్క కాలువ, ప్రతి ఇంటికీ కాలువ మీద ఒక చిన్న వంతెన. కొంతదూరం పోయాక ఇళ్లు పలచబడి ఉప్పునేలలు వచ్చాయి. తర్వాత సరుగుడు తోటలు. వాటి సందుల్లోంచి, అప్పుడప్పుడూ, వెండి రేకులాగా ఒక వెలుగు. అదే సముద్రమని అత్తమ్మ నాయినకు వేలుపెట్టి చూపించింది. నాయిన సీట్లోంచి లేచి నిలబడ్డాడు. ఆ వెలుగు ప్రతిసారీ చెట్ల వెనక్కి పోతూనే ఉంది. ఆయన దిగేదాకా కూర్చోలేదు.

గుడిలో దర్శనం చేసుకుని, ఆటోలో గోదావరి సముద్రంలో కలిసే చోటుకు వెళ్లాం. దాన్ని అన్నాచెల్లెళ్ల గట్టు అంటారని ఆటో అతను చెప్పాడు. నది నీరు ఒక రంగు, సముద్రం నీరు ఒక రంగు. రెండూ కలిసిన చోట అలలు సరిగ్గా లేవక, గింజుకుంటున్నట్టు ఉన్నాయి.

నాయిన చెప్పులు చేత్తో పట్టుకుని తడి ఇసుక దాకా వెళ్లి ఆగిపోయాడు. అల వచ్చి కాళ్లు తడిపి వెళ్లినా కదల్లేదు. నేను పక్కకు వెళ్లి ఎట్లుంది నాయినా అని అడిగాను.

"అవతల ఒడ్డు లేదు గదా," అన్నాడు. మళ్లీ, "మీ అమ్మ సూడలే," అన్నాడు.

మా అమ్మ నా పెళ్లికి ముందే పోయింది. ఆయన నోట ఆమె మాట వినక చాలా కాలమైంది. నాయిన కళ్లు తుడుచుకోవడం చూసి పాప ఉప్పునీళ్లు పడ్డాయా అని అడిగింది. పడ్డాయన్నాడు.

అత్తమ్మ నీళ్లలోకి దిగలేదు. ఒడ్డున తలకిందులు చేసిపెట్టిన పడవ నీడలో కూర్చుంది. నేను వెళ్లి పక్కన కూర్చున్నాను. అలలకు దూరంగా పరుగెడుతూ, మళ్లీ దగ్గరికి వస్తూ ఉన్న పాపనే ఇద్దరం చూస్తున్నాం.

"అతను తిండి దగ్గర ఎలా ఉంటాడు?" అని అడిగింది ఉన్నట్టుండి.

ఎవరని అడగాల్సిన పని లేదు. "పెట్టింది తింటడు అత్తమ్మా. పేర్లు పెట్టడు."

"కోపం?"

"నేను చూడలేదు. ఉంటే ఇంతలో బయటపడేదే."

"పాపకి తెలుసా?"

"తెలుసు. నువ్వు ఏమంటవో అని చూస్తోంది."

అత్తమ్మ పడవ చెక్క మీద ఎండిన ఉప్పును గోటితో గీస్తూ ఉండిపోయింది. తన కొడుక్కి ఈత రావడానికి ఒక వేసవంతా పట్టిందని, మొదటి రోజు ఊరి చెరువులో మునిగి తాగిన నీళ్లకు జ్వరం వచ్చిందని, అయినా మర్నాడు మేనమామ భుజమెక్కి వెళ్లాడని చెప్పింది. ఆమె తన కొడుకు గురించి అంతసేపు ఆపకుండా మాట్లాడడం, ఆయన పోయాక అదే మొదలు. నేను కొంగు నోటికి అడ్డం పెట్టుకుని విన్నాను.

*

నేను మామయ్యగారని పిలిచే అత్తమ్మ అన్నగారి ఊరు చేరేసరికి మధ్యాహ్నం దాటింది. ఆ బస్సు సముద్రం పక్కనే చాలాదూరం వచ్చింది గానీ, అప్పటికి మాలో ఎవరికీ బయటికి చూసే ధ్యాస లేదు.

పెంకుటిల్లు, ముందు పొడవాటి వరండా. మామయ్యగారు గేటు దాకా ఎదురొచ్చారు. మనిషి బాగా వంగిపోయారు. పాపను దగ్గరికి తీసుకుని, తల నిమిరి, "అచ్చం వాడి నుదురే," అన్నారు. నాయినకు స్వయంగా కాళ్లకు నీళ్లిచ్చారు. ఆయన భార్య, నాకు పెద్దత్తయ్య, చేపల పులుసు వండింది. మేం తింటుంటే మామయ్యగారు తినకుండా పక్కనే కూర్చుని, ముల్లు తీసి పాప కంచంలో ముక్కలు పెట్టారు. ఆ చేయి నా భర్తకు కూడా అలాగే పెట్టి ఉంటుంది.

భోజనాలయ్యాక పెద్దత్తయ్య పాపను దూడను చూపిస్తానని పెరట్లోకి తీసుకెళ్లింది. మేం వరండాలో కూర్చున్నాం. మామయ్యగారు పడక కుర్చీలో, నాయిన బల్ల మీద. అత్తమ్మ నేల మీద స్తంభానికి ఆనుకుని కూర్చుంది. నేను గుమ్మం దగ్గర.

"అన్నయ్యా, కోడలు మళ్లీ పెళ్లి చేసుకుంటోంది. ఆ మాట చెబుదామని వచ్చాను," అంది అత్తమ్మ.

మామయ్యగారు కళ్లజోడు తీసి పంచె అంచుతో తుడుచుకున్నారు. ఎవరు చూసిన సంబంధమని అడిగారు. తనే చూసుకుందని అత్తమ్మ చెప్పింది.

"మరి నువ్వేమన్నావు?"

"సరేనన్నాను."

నాతో ఆమె ఆ మాట ఎప్పుడూ అనలేదు. నేను ఆ ఊళ్లో, ఆ గుమ్మంలో, అన్నగారికి ఆమె చెబుతుంటే విన్నాను.

మామయ్యగారు నాయిన వైపు తిరిగారు. నాయిన బల్ల చివరికి జరిగి, చేతులు మోకాళ్ల మీద పెట్టుకున్నాడు. తన బిడ్డ ఇంకా చిన్నదని, ఎన్నేళ్లని ఒంటిగా ఉంటుందని, తను వద్దనలేదని చెప్పాడు. అలవాటు లేని "అండి" ప్రతి మాట చివరా కలుపుతూ చెప్పాడు.

"మంచిదండి," అన్నారు మామయ్యగారు. "మీ అమ్మాయి, మీ ఇష్టం. కాదనడానికి నేనెవణ్ని? కానీ పాప మా పిల్ల. నా మేనల్లుడి రక్తం. ఎవడో ఇంట్లో పెరగాల్సిన ఖర్మ దానికేంటి? ఇక్కడ వదిలేయండి. చెల్లాయీ పాపా నా దగ్గరుంటారు. వాణ్ని పెంచినట్టే దీన్నీ పెంచుతాను."

ఆయన కోపంగా అనలేదు. అదే నన్ను భయపెట్టింది. చెడ్డవాడైతే ఎదురు చెప్పేదాన్ని. పరాయి ఊరి నుంచి వచ్చిన నన్ను, పెళ్లినాడు ఒక్క మాట అనకుండా ఇంట్లోకి పిలిచిన మనిషి. పెరట్లోంచి పాప నవ్వు వినిపిస్తోంది. లేచి వెళ్లి దాన్ని ఎత్తుకుని రోడ్డు మీదికి పరుగెత్తాలనిపించింది.

"పాప తల్లి దగ్గరే ఉంటుంది అన్నయ్యా. నేనూ అక్కడే ఉంటాను," అంది అత్తమ్మ.

"ఎవరింట్లో? ఏ వరసన ఉంటావు?"

అత్తమ్మ నేల మీద పడిన ఎండ చారను చూస్తూ ఉండి, నెమ్మదిగా అడిగింది. "హైస్కూలు మేష్టారు గుర్తున్నారా నీకు?"

మామయ్యగారి ముఖం మారింది. "ఇప్పుడవన్నీ ఎందుకు?"

"నేను బాబుని తీసుకుని నీ ఇంటికొచ్చిన మరుసటి ఏడు, ఈ వరండాలోకే వచ్చారు ఆయన. నన్ను చేసుకుంటానని నిన్ను అడిగారు. బాబుని కూడా చూసుకుంటానన్నారు. నేను ఆ తలుపు వెనకాలే ఉన్నాను. నువ్వు ఆయన్ని కూర్చోమనైనా అనకుండా పంపేశావు."

"నీ మంచికే చేశాను. ఆ రోజుల్లో ఊరు ఏమనుకునేది?"

"నాకు తెలుసు. నీ మీద కోపం లేదు. నన్నూ నా కొడుకునీ ఏ లోటూ రాకుండా చూశావు. కానీ నన్నొక మాట అడగలేదు అన్నయ్యా. అడిగితే నేనేమనేదాన్నో నాకూ తెలీదు. వద్దనేదాన్నేమో. అయినా అడిగుంటే బాగుండేది."

అత్తమ్మ నా వైపు చూడకుండానే చెయ్యి నా దిక్కు చాపింది.

"ఈ పిల్ల నన్ను అడిగింది. కొడుకే లేడు, ఇంక నన్నడగాల్సిన పనేముంది తనకి? అయినా వచ్చి నా ఎదురుగా కూర్చుని అడిగింది. నాకు అది చాలు."

మామయ్యగారు కుర్చీ చేతుల మీద బరువు వేసి లేచారు. కొయ్యకున్న కండువా తీసుకుని, చెప్పులు వేసుకోకుండా, కొబ్బరి తోటలోకి నడిచి వెళ్లిపోయారు. నాయిన ఆయన వెనక వెళ్లబోయి, నా వైపు చూసి, మళ్లీ కూర్చున్నాడు. అత్తమ్మ స్తంభానికి తల ఆనించి కళ్లు మూసుకుంది.

మేం బయల్దేరేటప్పుడు పెద్దత్తయ్య నన్ను లోపలికి పిలిచింది. దేవుడి గూటి దగ్గర నిలబెట్టి, కుంకుమ భరిణె తీసి, నా నుదుట బొట్టు పెట్టింది. కొత్త జాకెట్టు గుడ్డ, పండు చేతిలో పెట్టింది. "ఆయన అలాగే ఉంటారమ్మా. నువ్వు సుఖంగా ఉండు," అంది. తలుపు వెనక దాక్కున్న ఆడపడుచుని ఆ రోజు ఆమె కూడా చూసి ఉంటుందా అని తర్వాత చాలాసార్లు అనుకున్నాను. అడగలేదు.

బస్సు ఆగే చోటికి నడిచి వెళ్లేసరికి మామయ్యగారు అక్కడ నిలబడి ఉన్నారు. కాళ్లకు మట్టి. పక్కన గోనెసంచిలో ఒలిచిన కొబ్బరికాయలు. బస్సు వచ్చాక సంచిని తనే ఎత్తి మెట్ల మీద పెట్టారు. పాపను ముద్దుపెట్టుకున్నారు. అత్తమ్మతో, "సెలవులకి దాన్ని పంపించు," అన్నారు. నా వైపు చూడలేదు. నేను నమస్కారం పెట్టాను. ఆయన బస్సు ముందు అద్దాల కేసి చూస్తూ నిలబడ్డారు.

*

సాయంత్రం పంటు ఖాళీగా ఉంది. పొద్దు గుంకుతోంది. నీళ్లన్నీ ఎర్రమట్టి కలిపినట్టయ్యాయి. నాయిన ఈసారి కమ్మీ పట్టుకోలేదు. అత్తమ్మ పక్కకు వెళ్లి, తువ్వాలు భుజం మీదికి మార్చుకుని, గొంతు సవరించుకున్నాడు.

"చెల్లె, నువ్వు ఇయ్యాల..."

"ఏమీ అనకండి అన్నయ్యగారూ," అంది అత్తమ్మ. "నాకసలే పడవలో తల తిరుగుతుంది."

నాయిన తలాడించి ఊరుకున్నాడు. నరసాపురం ఒడ్డున దిగాక టీ కొట్టు దగ్గరికి వెళ్లి, అందరికంటే ముందు ఆమెకు గ్లాసు తెచ్చి ఇచ్చాడు. ఇద్దరూ పక్కపక్కనే నిలబడి, గోదావరి కేసి చూస్తూ తాగారు. పాప కొబ్బరికాయల సంచి మీద కూర్చుని కునికిపాట్లు పడింది.

మా పెళ్లి రిజిస్ట్రారు ఆఫీసులో జరిగింది. సాక్షి సంతకాల్లో ఒకటి అత్తమ్మది. మామయ్యగారు రాలేదు. ప్రతి ఆదివారం పాపకు ఫోను చేస్తారు. చదువు, తిండి, జలుబు అన్నీ అడుగుతారు. నా గురించి గానీ, ఇప్పటి మా ఆయన గురించి గానీ ఇప్పటిదాకా అడగలేదు. సెలవులకు పాపా అత్తమ్మా వెళ్లొస్తారు. వచ్చేటప్పుడు కొబ్బరికాయల సంచి మాత్రం తప్పకుండా వస్తుంది.

అత్తమ్మ మాతో ఒకే ఇంట్లో ఉండలేదు. దాని గురించి నేనూ ఆయనా ఎంత చెప్పినా వినలేదు. మా అపార్టుమెంటులోనే కింద చిన్న ఫ్లాటు ఖాళీ అయితే, అది కిరాయికి తీసుకోమంది. వరస తెలియని చోట మధ్యలో ఒక గోడ ఉంటే అందరికీ మర్యాదగా ఉంటుందని ఆమె వాదన. మా ఆయనను ఆమె "బాబుగారూ" అంటుంది. ఆయన మొదట్లో "అమ్మా" అని పిలవబోతే వద్దంది. ఇప్పుడు "పిన్నిగారూ" అంటాడు. దానికి పలుకుతుంది.

సామాను కిందికి మార్చిన రోజు, హాల్లో గోడకున్న తన కొడుకు పటాన్ని ఆమే స్వయంగా కుర్చీ వేసుకుని దింపింది. నేను అడ్డం వెళ్లాను. అది అక్కడే ఉండనీయమని, కొత్తగా వచ్చిన ఆయనకూ ఇబ్బంది లేదని, ఆయనే ఆ మాట అన్నాడని చెప్పాను. అత్తమ్మ పటం మీది దుమ్మును పైట చెంగుతో తుడిచింది.

"నా కొడుకు నా దగ్గరుంటాడమ్మా. నీ ఇంట్లో నీ మనుషులుండాలి," అంది.

ఆ గోడ మీద మేకు చాలా రోజులు అలాగే ఉంది. తర్వాత పాప దానికి తన బడి ఐడీ కార్డు తగిలించుకోవడం మొదలుపెట్టింది. బడి నుంచి రాగానే పాప ముందు కిందికే వెళ్తుంది. నానమ్మ పెట్టింది తిని, హోంవర్కు చేసుకుని, దీపాలు పెట్టేవేళకు పైకి వస్తుంది. కొన్ని రోజులు నేను ఆఫీసు నుంచి వస్తూ అక్కడే ఆగిపోతాను. అత్తమ్మ ఏమీ అడగదు. నా చేతిలోని సంచి అందుకుని, కంచం పెడుతుంది.